ఊరికే వచ్చిన కట్టె

రింగ్ రోడ్‌ మీద కూలిన చెట్టు సూరత్‌లోని తెలుగు ఇళ్లకు వంటచెరకు. నరికి, చీల్చి, ఎండబెట్టి, ఊది మండించే శ్రమకు తగిన ఫలితం దక్కుతుందా?

వర్షాకాలం మొదలైతే సూరత్‌ రింగ్ రోడ్‌ మీదికి చీరల మూటలతో పాటు మరో సరుకు కూడా వస్తుంది. అది కట్టె. సహారా దర్వాజా నుంచి ఉధ్నా దర్వాజా దాకా ఫ్లైఓవర్‌కు అటూ ఇటూ బారులు తీరిన బట్టల మార్కెట్ల మధ్య, వాటి వెనక సందుల్లో ఇంకా కొన్ని చెట్లు మిగిలి ఉన్నాయి. గాలివానకు వాటిలో ఏదో ఒకటి విరిగి పడుతుంది. మునిసిపల్‌ సిబ్బంది రంపపు యంత్రాలతో వచ్చి, దారికి అడ్డంగా ఉన్న మోద్దులను లారీకెక్కిస్తారు. రెమ్మలూ, చిన్న కొమ్మలూ కొంతసేపు పక్కనే పడి ఉంటాయి. ఆ కొంతసేపటి కోసం ఎదురుచూసేవాళ్లు ఉంటారు.

వారిలో ఒకరు లింబాయత్‌లో కొడుకు దగ్గర ఉంటున్న అరవై ఏళ్ల తల్లి. స్వస్థలం సిరిసిల్ల దగ్గరి పల్లె. కరీంనగర్‌, వరంగల్‌, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలీలు దశాబ్దాలుగా షోలాపూర్‌, భివండీ, సూరత్‌లకు వలస పోతూనే ఉన్నారు. సూరత్‌లో లింబాయత్‌, ఉధ్నా, పర్వత్‌ పాటియా వారికి కొత్త ఊళ్లేమీ కావు. దుకాణాల బోర్డుల మీద తెలుగు కనిపిస్తుంది, బతుకమ్మ పాట వినిపిస్తుంది. కొడుకు పవర్‌లూమ్‌ మీద పన్నెండు గంటల షిఫ్టు చేస్తాడు. మీటరు లెక్కన కూలీ. మగ్గం ఆగితే డబ్బూ ఆగుతుంది. ఆ ఇంట్లో తల్లీకొడుకుల మధ్య వాదన వచ్చింది ఒక మోపు కట్టె మీద.

"గింత కట్టె ఊకెనే దొరికితే ఇడిసిపెట్టి రావాల్నా కొడుకా?" అన్నది ఆమె మాట.

"అవ్వా, అది నెమలినార. గొడ్డలి ఇరుగుతది గనీ అది చీలదు. నీతోని గాదు, నాకు తీరదు" అన్నది అతని జవాబు.

ఇద్దరి మాటా నిజమే. నెమలినార మన దేశపు ఎల్మ్‌ చెట్టు. హిందీలో చిల్బిల్‌ అంటారు. ఆకు నలిపితే చెడు వాసన వేస్తుంది. గింజ చుట్టూ పలుచటి రెక్క ఉంటుంది కనుక గాలికి ఎగిరి ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. అడవుల్లోనూ, పాడుబడిన గోడల పక్కనా, రోడ్ల అంచునా కనిపించడానికి కారణం అదే. దీన్ని ప్రపంచ వృక్షశాస్త్రానికి పరిచయం చేసిన కథలోనూ తెలుగు నేల ఉంది. కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో 1781 నుంచి పనిచేసిన స్కాట్లండ్‌ వైద్యుడు విలియం రాక్స్‌బరో కోరమాండల్‌ తీరపు మొక్కల మీద రాసిన పెద్ద పుస్తకంలో దీన్ని యూరప్‌ ఎల్మ్‌ల సరసన చేర్చి పేరు పెట్టాడు. తర్వాతి శాస్త్రవేత్తలు వేరే ప్రజాతిలోకి మార్చినా, కుటుంబం మాత్రం ఎల్మ్‌లదే.

ఆ కుటుంబానికి కట్టెలు కొట్టేవాళ్లలో మంచి పేరు లేదు. ఎల్మ్‌ కర్రలో నార నిటారుగా సాగకుండా ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోతుంది. టేకునో, వెదురునో చీల్చినట్టు ఒక్క దెబ్బకు రెండు ముక్కలు కాదు. గొడ్డలి దిగబడి ఇరుక్కుంటుంది. చీలిన రెండు సగాలనూ పీచులు పట్టుకుని వేలాడుతుంటాయి. బ్రిటన్‌లో 1960ల చివరి నుంచి వ్యాపించిన డచ్‌ ఎల్మ్‌ తెగులు కోట్లాది ఎల్మ్‌ చెట్లను చంపినప్పుడు అక్కడి ప్రజల ముందు గుట్టల కొద్దీ కట్టె పడింది. అయినా చాలామంది పెదవి విరిచారు. చీల్చడం కష్టం, పచ్చిగా ఉంటే మంట రాదు, పైగా బెరడు కింద తెగులును మోసే పురుగు ఉంటుంది కనుక దూరం తరలించనూ కూడదు. చీల్చక తప్పనివాళ్లు ఒక ఉపాయం పట్టుకున్నారు. మోద్దును నడిమధ్యన కొట్టకుండా, అంచుల నుంచి పెచ్చులు పెచ్చులుగా తీయడం. నెమలినార దగ్గరా ఆ పద్ధతే మేలు.

అయితే మంట విషయంలో నెమలినారకు అన్యాయం జరిగింది. ఎండిన కట్టె ఏ జాతిదైనా కిలోకు ఇచ్చే వేడిలో పెద్ద తేడా ఉండదు. తేడా అంతా బరువులోనూ, తేమలోనూ ఉంటుంది. చిక్కటి సర్కారు తుమ్మ, గుజరాతీలు గాండో బావళ్‌ అని పిలిచేది, ఒక మోపులో ఎక్కువ బరువు తూగుతుంది, నిప్పు నిలుస్తుంది. నెమలినార మధ్యరకం. కానీ కొత్తగా కొట్టిన కట్టె బరువులో సగానికి దగ్గరగా నీళ్లే ఉంటాయి. ఆ నీటిని ఆవిరి చేయడానికే మంటలో కొంత ఖర్చవుతుంది. మిగిలేది పొగ. వానాకాలంలో కూలిన చెట్టును వానాకాలంలోనే పొయ్యిలో పెడితే తప్పు చెట్టుది కాదు.

ఇక లెక్కలోకి వెళితే వాదన ఎటు మొగ్గుతుందో తెలుస్తుంది. కిలో వంటగ్యాస్‌లో సుమారు 11,000 కిలోకేలరీల వేడి ఉంటుంది. గాలికి ఎండిన కిలో కట్టెలో 3,500 దాకా. గ్యాస్‌ పొయ్యి ఆ వేడిలో సగానికి పైగా గిన్నెకు అందిస్తుంది. మూడు రాళ్ల పొయ్యి అందించేది నూటికి పది, పదిహేను పాళ్లే. మిగతాది గాలిలో కలుస్తుంది. ఈ లెక్కన 14.2 కిలోల సిలిండర్‌ చేసే పనికి అటూ ఇటుగా 200 కిలోల ఎండు కట్టె కావాలి. పెద్దవయసు మనిషి నెత్తిన 15 కిలోల మోపు మోయగలదనుకుంటే పదమూడు సార్లు వెళ్లి రావాలి.

2025 ఏప్రిల్‌ పెంపు తర్వాత ఢిల్లీలో సిలిండర్‌ ధర 853 రూపాయలు, ఉజ్జ్వల లబ్ధిదారుకు 553 రూపాయలు అయింది. అంటే ఆ ధర ప్రకారం ఒక్కో మోపు విలువ, ఉజ్జ్వల కనెక్షన్‌ ఉన్న ఇంట్లో 42 రూపాయలు, లేని ఇంట్లో 65. ధర కొంత మారినా లెక్క స్వరూపం మారదు. ఆ మొత్తం కోసం రింగ్ రోడ్‌ దాకా నడిచి, ఏరి, రైలు పట్టాల కింది గరనాలా దాటి లింబాయత్‌కు మోసి, కొట్టి, ఎండబెట్టి, వాన వస్తే లోపలికి చేర్చాలి. ఒక్కో మోపుకు సగం పూట పోతుంది. కొడుకు ఆ సగం పూట మగ్గం ఆపితే నష్టమే. "నాకు తీరదు" అని అతను అన్నది బద్ధకంతో కాదు. తల్లికి మాత్రం తీరుతుంది, ఎందుకంటే ఆమె సగం పూటకు ఎవరూ ధర కట్టలేదు.

సొంత ఊళ్లో ఈ సమస్య ఇంత ఉండేది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకంతోనే మహిళా సంఘాల ఇళ్లలోకి సిలిండర్‌ ప్రవేశించింది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి అర్హులైన కుటుంబాలకు 500 రూపాయలకే సిలిండర్‌ ఇస్తున్నారు. కానీ ఆ రాయితీ ఊరి చిరునామాకు అతుక్కుని ఉంటుంది, మనిషి వెంట రైలెక్కి రాదు. అద్దె గదిలో ఉండేవాడికి చిరునామా రుజువే లేదు. 2016లో మొదలైన ఉజ్జ్వల పథకం రెండో విడతలో, 2021 ఆగస్టులో, వలస కుటుంబాలు స్వీయ ధ్రువీకరణ ఇస్తే చాలని నిబంధన సడలించారు. రుజువులు పెద్దగా అడగని 5 కిలోల చిన్న సిలిండర్‌ కూడా ఉంది. అయితే దానికి రాయితీ లేదు కనుక కిలోకు పడే ధర ఎక్కువ. సూరత్‌లో పైపుల గ్యాస్‌ చాలా ఏళ్లుగా ఉన్నా, అది గదిలోకి రావాలంటే యజమాని ఒప్పుకోవాలి. పేదవాడు గ్యాస్‌కు ఎక్కువ చెల్లించి, ఆ ఖర్చు తట్టుకోలేక కట్టె వైపు చూసే పరిస్థితి ఇలా ఏర్పడుతుంది.

లెక్కకు రాని ఖర్చు మరొకటి ఉంది. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కిటికీ లేని పదడుగుల గదిలో పచ్చి కట్టె ఊదే మనిషికి ఆ అంకె అర్థం కావడానికి గణాంకాలు అక్కర్లేదు. కళ్ల మంట, తెల్లవారుజాము దగ్గు చాలు. సూరత్‌లో మరో ప్రమాదం కూడా తోడవుతుంది. చేతికందే పాలిస్టర్‌ బట్ట ముక్కలతో పొయ్యి రాజేసే అలవాటు. అవి త్వరగా అంటుకుంటాయి, కరిగి మండుతూ చుక్కలుగా కారతాయి, ఆ పొగ కట్టె పొగ కన్నా చెడ్డది. కట్టె బాగుందా లేదా అన్న చర్చ కన్నా ముందు మానుకోవాల్సింది అదే.

ఇంత చెప్పినా ఆమె మోపు తేవడం మానలేదు. కారణం వంటచెరకు ఒక్కటే కాదు. పొలం, పశువులు, బీడీల చాట అన్నీ ఊళ్లో వదిలేసి వచ్చిన మనిషికి నగరంలో చేతికి పని లేదు. కోడలు ఎంబ్రాయిడరీ చీరలకు రాళ్లు అతికించి ఎంతో కొంత తెస్తుంది. కొడుకు మగ్గం నడుపుతాడు. తన వాటాగా ఇంటికి ఏం తెస్తున్నట్టు? కట్టె మోపు ఆ ప్రశ్నకు ఆమె వెతుక్కున్న జవాబు. "కూసోని తినుడు నాకు శాతగాదు బిడ్డా" అని ఆమె కోడలితో అనే మాటలో కిలోకేలరీలు లేవు. ఇంట్లో తన చోటు ఏమిటన్న బెంగ ఉంది. 42 రూపాయల లెక్క చూపించి ఆమెను ఆపాలనుకుంటే, ఆమె పని విలువ అంతేనని చెప్పినట్టవుతుంది. కొడుకు ఆ లెక్క చెప్పలేకపోవడానికి అదే కారణం.

మరి నెమలినార కట్టె ఏరుకోవడం తగునా? మణికట్టు మందం కొమ్మలయితే తగును. వాటిని చీల్చే పనే లేదు, మూరెడు ముక్కలుగా నరికి గోడకు ఆనించి, పైన రేకు కప్పి, ఒక ఎండాకాలం చూపిస్తే బాగా మండుతాయి. బొడ్డు మోద్దులయితే వదిలేయడమే మంచిది, లారీకే వాటిని మోసే బలం ఉంది. పొయ్యి ఆరుబయట ఉంటే, అందులో స్నానాలకు నీళ్లు కాగితే, మోపు ఖర్చు కొంత గిట్టుబాటవుతుంది. నాలుగు గోడల మధ్య వంటకయితే ఏ చెట్టు కట్టె అయినా గిట్టదు.

ఆ ఇంట్లో చివరికి తేలిందీ ఇంచుమించు ఇదే. వంట చిన్న సిలిండర్‌ మీదికి మారింది. స్వీయ ధ్రువీకరణతో ఉజ్జ్వల కనెక్షన్‌ కోసం కోడలి పేరున దరఖాస్తు పెట్టారు. నీళ్ల పొయ్యి గుమ్మం బయటికి జరిగింది. అవ్వ ఇప్పుడు సన్న కొమ్మలే తెస్తుంది, అదీ వారానికి ఒకటి రెండు సార్లు. మోద్దు కనబడితే మాత్రం ఇప్పటికీ ఆగి, బెరడు గీరి చూసి, "తుమ్మ అయితే ఇడిసిపెట్టకపోదును" అనుకుంటూ ముందుకు కదులుతుంది.