అంబాసిడర్‌కు రెండో కార్బరేటర్

అంబాసిడర్‌కు రెండు కార్బరేటర్లు పెట్టడం వట్టి షోకు అనేవాళ్లు బానెట్ ఎత్తి ఆ ఇంజన్ హెడ్డును సరిగ్గా చూసి ఉండరు. సిలిండర్లు నాలుగున్నా గాలీ పెట్రోలూ లోపలికి పోయే దారులు రెండే. ఒకటో సిలిండరూ రెండోదీ ఒక దారిని, మూడూ నాలుగూ ఇంకో దారిని పంచుకుంటాయి. ఒంటి కార్బరేటర్ నడుమ కూర్చుని రెండు పక్కలకూ పంచిపెట్టాలి. దారికొకటి పెడితే ఆ పంపకం బాధ తీరుతుంది.

ఇదేం కొత్త తెలివి కాదు. 1959 నుంచి అంబాసిడర్‌లో వేసిన 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్ ఇంజన్‌నే ఇంగ్లండ్‌లో 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారుకూ వేశారు, రెండు ఎస్.యు. కార్బరేటర్లతో. మన దాంట్లో 50 హార్స్‌పవర్ చుట్టుపక్కల ఇచ్చే ఇంజన్ అందులో మొదటే 68 ఇచ్చింది. ఆ తేడా అంతా కార్బరేటర్లదే అనను. క్యామ్‌షాఫ్టూ కంప్రెషనూ కూడా వేరు. కాబట్టి కార్బరేటర్లు మార్చగానే కారు ఎగిరిపోతుందని ఆశపెట్టేవాళ్ల మాట నమ్మొద్దు. మా పావగడ నుంచి మధుగిరి వైపు పోతూ మిట్ట ఎక్కేటప్పుడు ఇంజన్ గింజుకోకుండా లాగుతుంది చూడండి, దానికోసం పెట్టుకోవాలి.

ఎస్.యు. మీద నాకున్న మక్కువ దాచుకోను. చెప్పుల వ్యాపారం చేసే స్కిన్నర్ల ఇంట్లో పుట్టిన జార్జ్ స్కిన్నర్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దీన్ని తయారుచేశాడు. తొలి కార్బరేటర్లలో ఇప్పటి పిస్టన్ ఉండేచోట తోలుతిత్తి ఉండేదట. తోలు వాళ్లింటి సరుకే కదా! 1926లో ఆ కంపెనీ మోరిస్ చేతికొచ్చింది. మన అంబాసిడర్‌కు మాతృక మోరిస్ ఆక్స్‌ఫర్డే. పద్మిని కారులో ఉండే సోలెక్స్ కార్బరేటర్‌లో గాలిదారి కొలత మారదు, ఒక్కో అవసరానికి ఒక్కో జెట్ ఉంటుంది. ఎస్.యు.లో ఒకే జెట్, అందులోకి దిగే కొనదేరిన ఒకే సూది. ఇంజన్ ఎంత పీలిస్తే పిస్టన్ అంత పైకి లేస్తుంది, వెంట సూదీ లేచి అందుకు తగ్గ పెట్రోలు వదులుతుంది. యాక్సిలరేటర్ టక్కున తొక్కినప్పుడు పిస్టన్ ఎగిరిపడకుండా పై గొట్టంలో కాస్త పలచటి ఆయిల్ పోస్తారు. ఆ ఆయిల్ ఆరిపోయి పికప్ పడిపోతే పంపు మార్చి, పాయింట్లు మార్చి, చివరికి మంచి కార్బరేటర్‌ను పాత ఇనుముకు వేసినవాళ్లను చూశాను. ప్రాణం ఉసూరుమంటుంది.

రెండు పెట్టాక అసలు పని రెండింటినీ ఒక్క శ్రుతిలో నిలపడం. మా మేస్త్రి స్పానరు పట్టేముందే చెప్పేస్తాడు: "ముందు వాల్వులూ పాయింట్లూ సరిచేసుకోవల్ల సామీ. అవి సరిలేకుండా కార్బరేటర్ ముట్టుకుంటే పొద్దుగూకేదాకా తిప్పతానే ఉండాల." ఇంజన్ బాగా కాగనిచ్చి, ఎయిర్ ఫిల్టర్లు విప్పి, రెండింటినీ కలిపే లింకు వదులుచేస్తాడు. రబ్బరు పైపు ఒక కొస చెవిలో, రెండో కొస కార్బరేటర్ మూతి దగ్గర. బుస్సుమనే చప్పుడు అటూ ఇటూ సమానంగా వినిపించేదాకా స్లో స్క్రూలు తిప్పుతాడు. తర్వాత ఒకదాని పిస్టన్‌ను మిల్లీమీటరు లోపే ఎత్తుతాడు. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ. కొంచెం పెరిగి మళ్లీ యథాస్థానానికొస్తే సరి. పక్కనే పెనుకొండలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి, వాటిలో ఈ కొలత కంప్యూటర్ చూసుకుంటుంది. ఇక్కడ చెవే చూసుకోవాలి, ఆ చెవి ఉన్న మేస్త్రీలు తగ్గిపోతున్నారు.

పావగడకు వేరే లెక్కలున్నాయి. ఊరు సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తున ఉంది. గాలి కాస్త పలచన కాబట్టి మిశ్రమం దానంతటదే చిక్కబడుతుంది. కానీ 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది కనుక పాత సూదితో మిశ్రమం పలచబడి ప్లగ్గులు తెల్లబారతాయి. పాత రబ్బరు సీళ్లూ కార్కు ప్యాకింగులూ దానికి తట్టుకోవు. ఇక ఎండ. ఇక్కడి తిరుమణి చుట్టుపక్కల 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఊరికే పెట్టలేదు! వేసవిలో పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతే పంపు మీద తడిగుడ్డ వేసి కూర్చోవడం ఈ సీమ డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యమే. పైగా ఈ ఇంజన్‌లో కార్బరేటర్లూ ఎగ్జాస్టూ ఒకే పక్కన ఉంటాయి. రెండో కార్బరేటర్ కొని, నడుమ ఉండాల్సిన వేడి అడ్డుకునే రేకును మాత్రం అనవసరమని వదిలేస్తారు చాలామంది. నన్నడిగితే రేకు లేకపోతే రెండోది పెట్టుకోకపోవడమే మేలు. డబ్బు కొంచెమే ఉంటే ముందు ఇథనాల్‌కు తట్టుకునే సీళ్లు, ఆపైన రేకు, మిగిలితేనే మెరిసే ఎయిర్ ఫిల్టర్లు.

మిశ్రమం చిక్కబడేందుకు మా కారుకు ప్రస్తుతం రెండు జెట్ నట్లనూ ఒక్కో పలక కిందికి తిప్పి నడుపుతున్నాం. అది తాత్కాలికమే. బెంగళూరు జె.సి. రోడ్డులో కాస్త చిక్కటి మిశ్రమమిచ్చే సూదుల కోసం అడిగిపెట్టాను. రెండూ ఒకే రకంవి కావాలి. పిడి మీద చెక్కిన అక్షరాలు కలవకపోతే ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోను.