బలపపు రాయి మెరిసే వేళ

చిన్నప్పుడు పలక మీద అక్షరాలు దిద్దించిన బలపపు రాయి, ఇప్పుడు నా చేతిలో లాకెట్ అవుతోంది. గోటితో గీసినా గీత పడేంత మెత్తన దీనిది. 1812లో ఫ్రెడరిక్ మోస్ ఖనిజాల గట్టిదనానికి వేసిన పది మెట్లలో, ఇందులోని టాల్క్‌ది మొదటి మెట్టు, వజ్రానిది పదోది. అందుకే యంత్రం అక్కర్లేదు. హ్యాక్సా బ్లేడుతో కోసి, ఆకురాయితో అంచులు గుండ్రం చేస్తాను.

అసలు పని ఆ తర్వాతే. పళ్లెంలో నీళ్లు పోసుకుని, 220 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 400, 600, 1000 దాకా వెళ్తాను. ముందరి కాగితం గీతలు పూర్తిగా పోయాకే తర్వాతిది. తొందరపడితే, అంతా అయ్యాక దాగిన గీత బయటపడుతుంది. నీళ్లు మాత్రం తప్పనిసరి. కొన్ని బలపపు రాళ్లలో ఆస్బెస్టాస్ పోగులుంటాయి. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు.

చివరికి రాయిని కాస్త వెచ్చచేసి తేనెమైనం రుద్దుతాను. అప్పటిదాకా బూడిద పూసుకున్నట్టున్న రాయిలోంచి ముదురాకుపచ్చ నెమ్మదిగా పైకి తేలుతుంది. ఆ క్షణం కోసమే ఇంత శ్రమ.

నాలుగు వేల ఏళ్ల కిందటే హరప్పావాళ్లు ఇదే జాతి రాయితో చిన్న చిన్న పూసలు చేసి, కాల్చి గట్టిపరిచారు. నేను కాల్చను. ఉంగరంలో పొదిగితే గీతలు పడతాయని మెడలోనే వేసుకుంటాను. మెత్తనిదాన్ని మెత్తగానే చూసుకోవాలని ఈ రాయే నాకు నేర్పింది.