ఫ్యాను మార్చాను, వేడి తగ్గలేదు

పాత అంబాసిడర్ బానెట్ ఎత్తితే రేడియేటర్ వెనకాల ఓ రేకు ఫ్యాను కనిపిస్తుంది. వాటర్ పంపు పుల్లీకే బిగించి ఉంటుంది కాబట్టి ఇంజను తిరిగినంతసేపూ, అవసరం ఉన్నా లేకపోయినా, అదీ తిరగాల్సిందే. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు రేడియేటర్‌కి గాలి బాగా కావాలి. సరిగ్గా అప్పుడే ఇంజను మందగిస్తుంది, దాంతోపాటు ఫ్యానూ మందగిస్తుంది. హైవే ఎక్కాక ఎదురుగాలే సరిపోతుంది. అప్పుడేమో ఫ్యాను హోరుమంటూ ఇంజను బలాన్ని తినేస్తుంది. దాని వేగం రెండింతలైతే తిప్పడానికి పట్టే శక్తి ఎనిమిదింతలవుతుంది మరి. ఎలక్ట్రిక్ ఫ్యానుతో ఈ పేచీ లేదు. నీళ్లు వేడెక్కితే తిరుగుతుంది, చల్లబడితే ఆగుతుంది. 1983 చివర్లో వచ్చిన మారుతి 800కి ఇంజను అడ్డంగా ఉంటుంది, పుల్లీ రేడియేటర్ వైపు చూడదు. అందుకే దానికి మొదట్నుంచీ కరెంటు ఫ్యానే.

ఇదంతా నిజమే. నేను బోల్తాపడింది కూడా ఈ నిజాన్ని నమ్ముకునే.

మాది 1960ల నాటి మార్క్ 2, నాన్నగారు కొన్నది. ఎండాకాలం బెజవాడలో బెంజి సర్కిల్ దగ్గర కాసేపు ఆగితే చాలు, నాన్న విడిగా పెట్టించిన టెంపరేచర్ మీటరులో ముల్లు పైకి ఎగబాకేది. ఇంకాసేపు ఆగితే రేడియేటర్ మూత దగ్గర బుసబుసమని ఆవిరి. "ముందు రేడియేటర్ దించి చూద్దామండీ" అన్నాడు ఆటోనగర్‌లో మా మేస్త్రి. రేడియేటర్ దించితే ఖర్చు, పైగా చేయించాక బయటికి కొత్తగా ఏమీ కనిపించదు. ఫ్యానైతే బానెట్ ఎత్తి నలుగురికీ చూపించుకోవచ్చు. నా యావంతా అదే. పాత సామాన్ల కొట్లో మారుతి ఫ్యాను ఒకటి కొని, రేకు ఫ్యాను విప్పేసి, రేడియేటర్ వెనకాల నేనే బిగించుకున్నాను. డ్యాష్‌బోర్డు కింద స్విచ్చి పెట్టి, అక్కణ్ణుంచి ఇంట్లో మిగిలిన సన్న వైరు లాగాను.

మొదటి చిక్కు గుంటూరు రోడ్డులో బయటపడింది. వారధి దాటి వేగం అందుకున్నాక ముల్లు దిగాలి కదా, ఎక్కుతోంది. మంగళగిరి దగ్గర పక్కకి తీసి ఆపాను. ఇంజను నడుస్తుండగా ఫ్యాను స్విచ్చి వేసి, సీట్లో ఉన్న పేపరు ఒకటి తీసి ముందు గ్రిల్ మీద పెట్టాను. ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంటే కాగితం గ్రిల్‌కి అంటుకుని నిలవాలి. అది రెపరెపలాడి నా మొహం మీదికి ఎగిరొచ్చింది. గాలిని ఇంజను వైపు లాగాల్సిన ఫ్యాను, ఇంజను వేడినంతా తెచ్చి ఎదురుగాలికి అడ్డంగా ఊదుతోందన్నమాట. కారణం చాలా చిన్నది. ఈనాటి కార్లలో బాడీకి తగిలించేది బ్యాటరీ మైనస్. ఆ కాలపు బ్రిటిష్ డిజైన్ బళ్లలో ప్లస్. నేను అలవాటుకొద్దీ ఫ్యాను నల్ల వైరు బాడీకి బిగించేశాను, మోటారు తిరగబడి తిరిగింది. రెండు వైర్లూ అటూ ఇటూ మార్చితే అయిపోయింది. ఆ మాట మేస్త్రికి చెప్పలేదు.

రెండోది అంత తేలిగ్గా పోలేదు. ఆ బండికి ఉన్నది ఆల్టర్నేటరు కాదు, డైనమో. బాగా తిరిగినప్పుడు అది ఇచ్చేది సుమారు 22 ఆంపియర్లు. ఇంజను ఐడ్లింగులో ఉంటే దాదాపు ఏమీ ఇవ్వదు, డ్యాష్‌బోర్డులో ఎర్రలైటు వెలుగుతుంది. ఫ్యాను తాగేది పది ఆంపియర్ల దాకా, మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. హెడ్‌లైట్లు రెండూ కలిసి ఏడెనిమిది. ఇగ్నిషన్ కాయిల్, వెనక లైట్లు వేరే. ఫ్యాను కావాల్సింది బండి ఆగినప్పుడు, డైనమో చేతులెత్తేసేదీ అప్పుడే. రేకు ఫ్యానుకి ఏ లోపం ఉందని తీసేశానో, ఆ లోపాన్నే తెచ్చి బ్యాటరీ నెత్తిన పెట్టాను. రేకు ఫ్యాను మెల్లగానైనా తిరిగేది కదా!

ఓ సాయంత్రం చీకటిపడే వేళ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. లైట్లు, ఫ్యాను రెండూ వేసే ఉన్నాయి. ముందు హెడ్‌లైట్లు పసుపుపచ్చగా మారాయి. తర్వాత ఫ్యాను శబ్దం సన్నబడింది. స్విచ్చి ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది, వైరు తొడుగు కమురు వాసన. అంత కరెంటుకి ఆ సన్న వైరు సరిపోదని, దాంట్లోనే కొన్ని వోల్టులు పోతున్నాయని అప్పుడు తెలిసింది. కాసేపటికి ఇంజనే ఆగిపోయింది. మా ఆవిడ వెనక సీట్లోంచి, "ఆ పాత ఫ్యాను ఎక్కడ పడేశారండీ?" అంది. వెనకనున్న ఆటోవాళ్లు దిగి తోస్తే పక్కకి చేరాం.

అప్పుడు వెళ్లాను మేస్త్రి దగ్గరికి. ఆయన ఏమీ అనలేదు, రేడియేటర్ దించి, కింది గొట్టం తెరిచే ఉంచి, పైనుంచి బకెట్టుతో నీళ్లు పోశాడు. కింద భళ్లున రావాల్సిన నీళ్లు సన్నధారగా వచ్చాయి, మిగతావి పైకే పొంగాయి. టంకం కరిగించి పై ట్యాంకు ఊడదీస్తే ఇత్తడి గొట్టాల మూతులన్నీ తెల్లగా ఉన్నాయి. స్క్రూడ్రైవరుతో గీకితే సున్నం పొడి రాలింది. ఏళ్ల తరబడి మా పెరటి బోరు నీళ్లే పోశాం. మూడో వంతుకి పైగా గొట్టాలు పూడిపోయి ఉన్నాయి. నీళ్లే కదలని చోట ఎంత గాలి కొడితే ఏం లాభం? గొట్టాల్లోకి సన్న రేకు కమ్ములు దూర్చి శుభ్రం చేసి, ట్యాంకు మళ్లీ అతికించి, కూలెంటు పోశాడు.

ఫ్యాను మాత్రం తీయించలేదు, పంతం. దానికోసం ఆల్టర్నేటరు పెట్టించాల్సి వచ్చింది. బ్యాటరీని మైనస్ ఎర్త్‌కి మార్చాడు, కాయిల్ వైర్లూ మార్చాడు. ఫ్యాను నల్ల వైరు మళ్లీ బాడీకే చేరింది, ఈసారి న్యాయంగా. లావు వైరు, ఫ్యూజు, రిలే, రేడియేటర్‌కి థర్మో స్విచ్చి. 92 డిగ్రీల దగ్గర ఫ్యాను అందుకుంటుంది, 87కి ఆగుతుంది. రేడియేటర్ బాగయ్యాక చూస్తే ఊళ్లో ఎప్పుడో తప్ప తిరగడం లేదు, హైవే మీద అసలే లేదు. రేకు ఫ్యానే ఉంచినా బండి మరిగేది కాదని మేస్త్రి అంటాడు. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

మొదట్లో బండి ఆపి తాళం తీశాక కూడా ఫ్యాను కాసేపు తిరిగేది. పక్కింటి బాబాయిగారు గోడ మీంచి, "ఒరేయ్, లోపల ఏదో ఆన్‌లో ఉండిపోయింది, చూసుకో" అని కేకేసేవారు. ఇంజను ఆగితే వాటర్ పంపూ ఆగుతుంది, అప్పుడు ఫ్యాను చల్లబరిచేది రేడియేటర్‌లో నిలిచిన నీళ్లనే, ఇంజనులో ఉన్నవాటిని కాదు. ఉత్తినే బ్యాటరీ దండగ. రిలే వైరు ఇగ్నిషన్‌కి మార్పించాను. ఇప్పుడు తాళంతోపాటు అదీ ఆగుతుంది, అయినా బాబాయిగారు మాత్రం కేకేస్తూనే ఉన్నారు.