చెక్‌పోస్టు దాటితే రోడ్డు మనదే

బండి దిగకుండా తినే హోటల్ అనే ఐడియా అమెరికాది. 1921లో డల్లాస్‌లో పెట్టిన పిగ్ స్టాండ్‌తో ఆ సరదా మొదలైంది. మనకు దగ్గర్లో చెప్పుకోవాలంటే చెన్నై కెథడ్రల్ రోడ్డులోని వుడ్‌ల్యాండ్స్ డ్రైవ్-ఇన్. 1962లో తెరిచి, 2008లో మూసేశారు. ఇప్పుడక్కడ సెమ్మొళి పూంగా అనే పార్కు ఉంది. మరి కర్నూలులో? అలాంటి బోర్డు మా చిన్నప్పుడు ఎక్కడా చూడలేదు. మాకు అవసరమే రాలేదు. నంద్యాల చెక్‌పోస్టు దాటి నాలుగు కిలోమీటర్లు పోతే రోడ్డు పక్కన డాబా. డాబా ముందు వేపచెట్టు, చెట్టు కింద నులకమంచాలు, మంచాల నిండా లారీ డ్రైవర్లు. మాకు మంచం దొరికేది కాదు. అందుకే బండి సైడ్ స్టాండ్ వేసి, పెట్రోల్ ట్యాంకు మీదే టీ గ్లాసు పెట్టుకునేవాళ్ళం. టీ కుర్రాడు బండి దగ్గరికే వచ్చి గ్లాసు ఇచ్చి, మళ్ళీ వచ్చి గ్లాసు తీసుకుపోయేవాడు. ఇంతకు మించిన డ్రైవ్-ఇన్ ఇంకేముంటుంది చెప్పండి?

నేను చెప్పేది 2012 నుంచి 2015 దాకా కర్నూలు సంగతి. అప్పట్లో ఊళ్ళో సాయంత్రం ఆరయ్యాకే ప్రాణం లేచొచ్చేది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 42, 43 డిగ్రీలు కొడితే పగలంతా ఊరు ఊరంతా తలుపులేసుకుని పడుకునేది. బండరాయి వేడి రాత్రి తొమ్మిదికి కూడా చల్లారేది కాదు. గాలి కావాలంటే ఒకటే మార్గం, బండి ఎక్కి గాలిని మనమే పుట్టించుకోవడం. దీన్నే మేము 'చక్కర కొట్టడం' అనేవాళ్ళం. రాజ్‌విహార్, కొండారెడ్డి బురుజు, సీ క్యాంపు, బళ్ళారి చౌరస్తా... ఎటు నుంచి ఎటు పోయినా చివరికి అందరం చెక్‌పోస్టు దగ్గరే తేలేవాళ్ళం.

"యాడుండావ్‌రా?"

"చెక్‌పోస్టు కాడ."

"ఉండు, వస్తాండా."

రోజుకు పది ఫోన్లు, పదింట్లోనూ ఇదే మాట.

మా గ్యాంగ్‌లో ఎవరికీ సొంత పేరు లేదు. బండి పేరే మనిషి పేరు. పల్సర్ గాడు, అపాచీ గాడు, స్ప్లెండర్ గాడు. నాన్న ఆఫీసు నుంచి వచ్చాక ఆయన ప్యాషన్ ప్లస్ నాది, కాబట్టి నేను ప్యాషన్ గాడిని. 1996లోనే తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 ఒకటి మామయ్య నుంచి మేనల్లుడికి వచ్చింది. దాని సౌండు వినిపిస్తే ఎవరొస్తున్నారో వీధి మొదట్లోనే తెలిసిపోయేది. 2012లో కేటీఎం డ్యూక్ 200 మన దేశంలోకి దిగింది. ఊళ్ళో మొదటి నారింజ రంగు డ్యూక్ డాబా ముందు ఆగిన రోజు లారీ డ్రైవర్లు కూడా మంచాలు దిగి వచ్చి చూశారు. ఒక పెద్దాయన చుట్టూ తిరిగి చూసి, "దీనికి వెనక సీటు ఎందుకప్పా, పిల్లి కూర్చోను కూడా చోటు లేదే!" అన్నాడు. డ్యూక్ గాడి పరువు ఆ దెబ్బకు సగం పోయింది.

పెట్రోలు లీటరు 80 రూపాయలకు అటూ ఇటూగా ఉండేది. నలుగురం తలా ఇరవై వేసుకుంటే ఒక లీటరు. ఒక బండి నిండితే నాలుగు బళ్ళు కదిలేవి. ఎలాగంటారా? వాటర్ బాటిల్లో పంపకాలు.

రేసులంటారా, ఉండేవి. కానీ సినిమాల్లో చూపించినట్టు ఊహించుకోకండి. జెండా ఊపే అమ్మాయి లేదు, లక్షల పందెం లేదు. హైవే మీద పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి నుంచి రెండు రాళ్ళు అవతలికి పోయి, తిరిగి డాబా దగ్గరికి రావడం. ఓడినోడు అందరికీ ఎగ్ బుర్జీ, రోటీ తినిపించాలి. అంతే పందెం. ఎక్కువగా ఓడేది స్ప్లెండర్ గాడే. పాపం, వంద సీసీ బండితో పల్సర్ 150తో ఏం గెలుస్తాడు? అయినా ప్రతిసారీ "ఈసారి చూడండి" అని దిగేవాడు. గెలవడం కాదు, పోటీలో ఉండటం వాడికి కావాలి.

2014 వేసవిలో ఒక రాత్రి పల్సర్, స్ప్లెండర్ బయలుదేరాయి. నేను టీ గ్లాసు పట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నా. రెండు లైట్లు రావాలి. ఒకటే వచ్చింది.

బండల లారీ నుంచి రాలిన కంకర మీద స్ప్లెండర్ జారింది. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. రాడ్ వేశారు. వాళ్ళ నాన్న ఊళ్ళో ఉన్న ఎకరం చేను అమ్మారు. వాడు ఆ ఏడాది ఎంసెట్ రాయలేదు, తర్వాతి ఏడాదీ రాయలేదు. ఇప్పుడు కర్నూలులోనే మొబైల్ షాపు నడుపుతున్నాడు. చలికాలంలో నడక కాస్త కుంటుతుంది. మా అందరిలో ఇంగ్లీషు, లెక్కలు బాగా వచ్చినోడు వాడే. ఈ మాట మేమెవరం వాడి ముందు అనం.

ఇంజినీరింగ్ చదివాక ఆ రాత్రి లెక్క నాకు కాగితం మీద అర్థమైంది. గంటకు 100 కిలోమీటర్లు అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. కంకర కంటికి కనిపించి, చెయ్యి బ్రేకు మీదికి పోయేసరికి ఒక సెకను ఈజీగా అయిపోతుంది. అంటే బ్రేకు పట్టకముందే 28 మీటర్లు పోయినట్టే. ఇక బ్రేకు పట్టాక ఆగే దూరం స్పీడు వర్గంతో పెరుగుతుంది. 50లో పది మీటర్లలో ఆగే బండికి 100లో నలభై మీటర్లు కావాలి. స్పీడు రెండింతలు, దూరం నాలుగింతలు. ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో ఇదే ఫార్ములాకు మేము నాలుగు మార్కులు తెచ్చుకునేవాళ్ళం. అది బళ్ళకు కూడా వర్తిస్తుందని ఏ లెక్చరరూ చెప్పలేదు.

ఇక కడప సంగతి. మా మేనమామ ఇల్లు అక్కడే. కర్నూలు నుంచి కడప రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఓర్వకల్లు రాళ్ళు, పాణ్యం, నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు, చెన్నూరు దగ్గర పెన్న దాటితే కడప. ఎడమవైపు చాలా దూరం నల్లమల మనతోపాటే నడిచొస్తుంది. ఈ రోడ్డును పాతవాళ్ళు ఇప్పటికీ ఎన్‌హెచ్ 18 అంటారు. 2010లో నంబర్లు మార్చాక ఇది ఎన్‌హెచ్ 40 అయింది. రోడ్డు కంటే ముందు ఈ రెండు ఊళ్ళను కలిపింది మాత్రం నీళ్ళు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరే కర్నూలు–కడప కాలువను 1860ల్లో తవ్వినప్పుడు, పొలాలకు నీళ్ళతోపాటు పడవలు కూడా నడవాలని ప్లాన్ చేశారు. కరువు సీమ అని పేరుపడ్డ చోట కర్నూలు నుంచి కడపకు పడవ ప్రయాణం! నాకు ఈ సంగతి తెలిసినప్పటి నుంచి కేసీ కెనాల్ పక్కన బండి నడిపినప్పుడల్లా పోటీకి ఒక పడవ వస్తున్నట్టే ఉంటుంది.

కడప బావ నాకంటే నాలుగేళ్ళు పెద్ద. వాడి చక్కర వేరే రకం. పొద్దున్నే లేపి, ఏడు రోడ్ల దగ్గర కారం దోసె తినిపించేవాడు. ఎర్రకారం, పప్పుల పొడి పట్టించిన ఆ దోసె తిన్నాక చెవుల్లోంచి పొగ వస్తుంది. ఆ మంట ఆరకముందే రాయచోటి రోడ్డెక్కి గువ్వలచెరువు ఘాట్. పాలకొండల్లో మలుపు మీద మలుపు. ముందు లోడు లారీ మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతుంటే వెనక మేము కూడా మూలుగుతూ ఎక్కాల్సిందే. ఓవర్‌టేక్ చేయబోతే బావ వెనక నుంచి నెత్తిన ఒక్కటిచ్చేవాడు. "ఘాట్‌లో రేసు పెట్టినోడికి కోవా తినే యోగం ఉండదు రా" అనేవాడు. గువ్వలచెరువు పాలకోవా తెలుసు కదా? అక్కడ రోడ్డు పక్కన వరసగా కోవా అంగళ్ళే. పొయ్యి మీద పాలు ఇగురుతున్న వాసన ముందు వస్తుంది, ఊరు తర్వాత వస్తుంది. బండి మీదే కూర్చుని, కాగితంలో పెట్టిచ్చిన వెచ్చటి కోవా తిని, కిందికి చూసుకుంటూ అరగంట గడిపేవాళ్ళం. గంటకు 30 కిలోమీటర్ల ప్రయాణం. ఇప్పుడు తలుచుకుంటే కర్నూలు రేసుల్లో ఏది ఎవడు గెలిచాడో ఒక్కటీ గుర్తు లేదు. గువ్వలచెరువులో ఏ అంగడి ముందు బండి పెట్టామో కూడా గుర్తుంది.

బెంగళూరులో ఉద్యోగంలో చేరాక 'అమెరికన్ గ్రాఫిటీ' సినిమా చూశాను. 1973లో జార్జ్ లూకాస్ తీశాడు. 1962లో కాలిఫోర్నియాలోని మోడెస్టో అనే చిన్న ఊళ్ళో ఒక రాత్రి, చదువుల కోసం ఊరు వదలబోయే కుర్రాళ్ళు కార్లలో ఒకటే చక్కర్లు, డ్రైవ్-ఇన్‌లో తిండి, తెల్లారేసరికి ఒక రేసు. కార్లు తీసేసి పల్సర్లు పెడితే అది మా కర్నూలే. వాళ్ళు దాన్ని క్రూజింగ్ అంటారు. ట్రాఫిక్ గోల అని అక్కడ చాలా ఊళ్ళు దాన్ని నిషేధించాయి. 2024 నుంచి ఆ నిషేధాలు చెల్లవని కాలిఫోర్నియా చట్టం చేసింది. మెల్లగా తిరగడం నేరం కాదు, రేసు మాత్రం నేరమే. ఈ తేడా నాకు బాగా నచ్చింది.

ఇంకో మాట. ఆ డాబా ముందు ఒక్క అమ్మాయి కూడా ఉండేది కాదు. మా క్లాసులో అమ్మాయిలకు స్కూటీ ట్యూషన్ దాకే. చెక్‌పోస్టు దాటితే రోడ్డు మనదే అనే ఫీలింగ్ సగం ఊరికి ఎప్పుడూ అందలేదు. మొన్న ఊరికి పోయినప్పుడు ఓర్వకల్లు రాక్ గార్డెన్ ముందు ముగ్గురు అమ్మాయిలు హెల్మెట్లు పక్కన పెట్టుకుని ఉగ్గాని బజ్జి తింటూ కనిపించారు. ఊరు మారింది అనిపించింది ఎయిర్‌పోర్టును చూసి కాదు, వాళ్ళను చూసి.

2025 అక్టోబరు 24. తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు కింద ఒక బైకు ఇరుక్కుంది. మంటలు లేచాయి. పందొమ్మిది మంది ప్రయాణికులు నిద్రలోనే చిక్కుకుపోయారు. బైకు నడిపిన కుర్రాడూ పోయాడు. ఆ రోజు మా పాత గ్యాంగ్ వాట్సాప్ గ్రూపులో అందరూ అడిగింది ఒకటే, "ఎవరెవరు యాడుండారు?" ఒక్కొక్కరు పేరు పెట్టి "ఉన్నా" అని రాస్తూ పోయారు. స్ప్లెండర్ గాడు చివర్లో రాశాడు: "అందరూ ఉండారు కదా. షాపు తెరస్తా."

నాకు ఇప్పుడు అసలు సమస్య వేరే ఉంది. మా బాబాయి కొడుకుకు పదిహేడేళ్ళు. "అన్నా, నాన్నతో చెప్పి బండి ఇప్పీ" అని రోజూ మెసేజ్. గేర్ల బండికి లైసెన్సు పద్దెనిమిది నిండాకే. 2019లో మారిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపితే ఇంట్లో పెద్దవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ పిల్లోడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. రోడ్డు మీద రేసు పెడితే మొదటిసారే మూడు నెలల దాకా జైలు లేదా 5,000 దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. ఇవన్నీ వాడికి చెప్పాను. వాడు అడిగిన ప్రశ్న మాత్రం సూటిగా ఉంది: "మరి యాడ నడపాల అన్నా?"

నిజమే, యాడ? పేరున్న ట్రాకులంటే చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై, లేదంటే కోయంబత్తూరు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్లు తిరిగాయి. మా పిల్లోడు దాన్ని ఫోన్లో చూశాడు. సీమలో ఖాళీ భూమికి కొదవ లేదు. నెలకో ఆదివారం పొద్దున రెండు కిలోమీటర్ల తిన్నని రోడ్డు, రెండు వైపులా బారికేడ్లు, ఒక అంబులెన్సు, చివర్లో ఉగ్గాని బండి. జిల్లాకు ఇదంత పెద్ద ఖర్చు కాదు. చోటు చూపించకుండా "వద్దు" అని మాత్రమే చెప్తే, కుర్రాళ్ళు చీకట్లో కిలోమీటరు రాళ్ళు వెతుక్కుంటూనే ఉంటారు.

అది అయ్యేదాకా నా చేతిలో ఉన్నది ఒకటే. వాడితో ఒప్పందం చేసుకున్నా. పద్దెనిమిది నిండి, లైసెన్సు చేతికొచ్చిన వారమే కర్నూలు నుంచి కడప. రెండు బళ్ళు, రెండు హెల్మెట్లు, స్పీడు అరవై దాటకూడదు. పొద్దున ఓర్వకల్లులో ఉగ్గాని, మధ్యాహ్నం నంద్యాలలో భోజనం, రాత్రికి మేనమామ ఇల్లు, మరుసటి రోజు పొద్దున కారం దోసె, ఆ తర్వాత గువ్వలచెరువు కోవా.

వెంటనే రిప్లై వచ్చింది. "అరవయ్యా? దానికి బండెందుకన్నా, కాలువలో పడవేసుకొని పోదాం పా."

నవ్వొచ్చింది. "కోవా డబ్బులు నావి" అని రాశా. ఐదు నిమిషాలు ఏమీ రాలేదు. తర్వాత ఒక బొటనవేలు.