తడి ఒకచోట, చిల్లు ఒకచోట

మా వ్యాను ఎక్కిన పిల్లల్లో ఒకరిద్దరు బడి చేరేలోపే వాంతి చేసుకునేవాళ్ళు. దారిలో మలుపులెక్కువ, పొద్దున్నే ఏమీ తినకుండా ఎక్కుతారు, అందుకే అనుకున్నాను చాలా రోజులు. ఒక సోమవారం ఆశ్రమ పాఠశాల ముందు పిల్లల్ని దించుతుంటే అక్కడి టీచరమ్మ దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"అన్నా, మీ వ్యానులో వచ్చిన పిల్లల బట్టలు పెట్రోలు వాసన కొడుతున్నయి. మీకు రావట్లేదా?"

నాకు నిజంగానే రావట్లేదు. రోజూ అదే వాసనలో కూర్చుంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. నడిపేవాడికి తెలియనిది కొత్తగా ఎక్కినవాడికి ముందు తెలుస్తుంది. ఈ సంగతి అప్పుడు నాకు తెలియదు. సిగ్గుపడి "పోయించుకునేటప్పుడు ఒలికింది మేడం" అని అబద్ధమాడి వచ్చేశాను.

మాది చండ్రుగొండ మండలంలో కనకగిరి గుట్టల వైపున్న ఒక కోయగూడెం. నేను చెప్పేది 2017 ఎండాకాలం మాట. అంతకు ముందు అక్టోబరులోనే ఖమ్మం జిల్లా విడిపోయి మేము భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయ్యాం. జిల్లా కేంద్రం దగ్గరికొచ్చింది గాని బస్సు మా గూడెందాకా రాలేదు. నా వ్యానే బస్సు. అది 1998 మోడలు ఓమ్ని, ఏపీ 20 నంబరుది. మిర్చి అమ్మిన డబ్బుకు అప్పు కలిపి 2009లో పాతబండిగా కొన్నాను. సోమవారం బడిపిల్లలు, సంతనాడు ఆడవాళ్ళు, ఎండాకాలం తునికాకు కూలీలు, వేళాపాళా లేకుండా జ్వరాలు, కాన్పులు. పంతొమ్మిదేళ్ళు మట్టిలో, బురదలో తిరిగిన బండి. కారిందంటే దాని తప్పేమీ లేదు. చూడకుండా నడిపినవాడిదే తప్పు.

టీచరమ్మ మాట విన్న నాలుగు రోజులకు మా చెల్లెకు నొప్పులు మొదలయ్యాయి. రాత్రి పదకొండు దాటింది. మా గూడెంలో అప్పట్లో ఫోను సిగ్నల్ అందదు, గుట్టెక్కితే తప్ప. చెల్లెను, అమ్మను, మా బావను ఎక్కించుకుని కొత్తగూడెం బయలుదేరాను. సాయంత్రమే మూడు లీటర్లు పోయించాను కదా, చాలుతుందనుకున్నాను. సగం దారిలో బండి రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. ట్యాంకు ఎండిపోయింది. దిగి టార్చి వేసి చూస్తే వెనకాల రోడ్డు మీద సన్నటి తడి గీత.

బావ అగ్గిపెట్టె తీశాడు, ఎక్కడ కారుతుందో చూద్దామని. మా అమ్మ అతని చెయ్యి పట్టుకుని లాగింది. ఆమెకు పెట్రోలు సంగతి తెలియదు గాని, వాసనొచ్చే దగ్గర నిప్పేందని ఆమె లెక్క. ఆ లెక్కే నిజం. ఎవరో బండి మీద పోతూ ఆగి, తన ట్యాంకులోంచి సీసాలో పట్టి ఇచ్చాడు. ముప్పావు గంట పోయింది. ఆ ముప్పావు గంట మా చెల్లె వ్యానులో పళ్ళు బిగబట్టుకుని కూర్చుంది. తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. నాకు మాత్రం వారం రోజులు నిద్ర పట్టలేదు.

తర్వాత టౌనులో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కిందికి దూరి, చుక్క రాలుతున్న మూలను గుడ్డతో తుడిచి, ఎం-సీల్ ముద్ద పెట్టి నొక్కాడు. నాలుగు వందలు తీసుకున్నాడు. నాలుగో రోజు మళ్ళీ చుక్క, అదే మూల నుంచి. మళ్ళీ వెళ్తే "ట్యాంకు అయిపోయింది, మార్చాల్సిందే" అన్నాడు. ఆయన చెప్పిన రేటు, మా ఇంట్లో ముగ్గురం ఆ సీజనంతా తునికాకు కోస్తే వచ్చే డబ్బుకు కొంచెం అటూఇటూగా ఉంది.

అప్పుడు మా మేనమామను పిలిచాను. సింగరేణిలో పెద్ద బండ్ల షెడ్డులో కాంట్రాక్టు కూలీగా చాలా ఏళ్ళు చేసినవాడు. చదువు లేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ ముట్టుకోకుండా అరుగు మీద కూర్చుని బీడీ చెవిలో పెట్టుకున్నాడు, వెలిగించకుండా.

"ఎప్పుడు కారుతందిరా?"

"ఎప్పుడూ కారుతనే ఉంది మామా."

"ఎప్పుడూ అనేది జవాబు కాదు. నిండుగున్నప్పుడా, తక్కువున్నప్పుడా? నిలబడ్డప్పుడా, ఇంజను ఆడేటప్పుడా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నుంచి బండి కింద అట్టపెట్టె ముక్క పరిచాం. చక్రాలు ఎక్కడ ఆగాయో అట్ట మీద గీతలు గీసి, పొద్దున్నే మరక ఏ భాగం కింద పడిందో, ఎంత పెద్దదో చూశాం. పాత నోటుబుక్కులో రాసింది మా బావ. నిండుగా పోయించిన రోజు మరక చెయ్యంత ఉంది. సగానికి దిగాక చిన్నదైంది, కాని పూర్తిగా ఆగలేదు. ఇంజను ఆడించి నిలబెట్టినప్పుడు కొత్త చోట మరక పడలేదు. నాలుగు రాత్రుల లెక్క చూసి మామ అన్నాడు: "ఒకటి కాదు, రెండు. ఒకటి పైన, ఒకటి కింద."

ఆలోచించి చూడండి, ఎంత సులువో. పైన లీకుంటే ట్యాంకు నిండినప్పుడే కారుతుంది, మట్టం దిగితే ఆగుతుంది. అడుగున చిల్లుంటే చివరి చుక్క దాకా కారుతుంది. ఇంజను ఆడేటప్పుడు మాత్రమే కారితే ట్యాంకును వదిలేసి, పంపు నుంచి ఇంజనుకు పోయే పైపును, తిరిగొచ్చే పైపును చూడాలి. మెకానిక్ షాపులో మమ్మల్ని ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు, మేమూ చెప్పలేదు.

రెండు ఉన్నాయని తెలిసింది సరే, ఎక్కడున్నాయి? ట్యాంకు అడుగంతా తడే. పెట్రోలు సన్నగా పారి, రెండు రేకులు కలిసే అతుకు వెంట జారి, ఎక్కడ మూల దొరికితే అక్కడ చుక్కగా పడుతుంది. చుక్క పడేచోట చిల్లుండాలని ఏమీ లేదు. ఇక్కడ నాకు మా అవ్వ గుర్తొచ్చింది. కల్లుకో నీళ్ళకో కొత్తగా తెచ్చిన ఆనపకాయ బుర్రలో నీళ్ళు నింపి, పొయ్యిలోంచి తీసిన చల్లటి బూడిద మీద పడుకోబెట్టేది. కాసేపటికి ఎత్తి చూస్తే బూడిద నల్లబడిన చోటే చిల్లు. దానికి మైనం కరిగించి పూసేది. ఈ మాట మామకు చెబితే నవ్వి, "బూడిద రేకు మీద నిలవదు గాని, సుద్ద నిలుస్తది" అన్నాడు.

సుద్దముక్కలు ఎక్కడివి? సిగ్గు పక్కనబెట్టి టీచరమ్మ దగ్గరికే వెళ్ళాను. అసలు విషయం చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. విరిగిన సుద్దముక్కలు ఒక కవరు నిండా ఇచ్చి, "ఏమైందో మా పిల్లలకు వచ్చి చెప్పాలి మరి" అంది.

ముందు ట్యాంకును కిందపడ్డ బురదతో సహా సబ్బునీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాం. సుద్ద నూరి కొంచెం నీళ్ళలో కలిపి పాత బ్రష్షుతో ట్యాంకు మొత్తం పూశాం. ఎండేసరికి తెల్లగా గోడలా అయింది. అప్పుడు నిండుగా పెట్రోలు పోశాం. బ్యాటరీ వైరు ఊడదీశాం. చీకటి పడకముందే, ఆరుబయట, పొయ్యిలకు దూరంగా. గుంటలో దిగి చూడొద్దన్నాడు మామ, ఎందుకంటే పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగింతలు బరువు. పైకి పోదు, నేలను పట్టుకుని పల్లానికి పారి గుంటలో నిండుతుంది. పది గజాల అవతల బీడీ ముట్టించినా అక్కడిదాకా పోయి అంటుకోగలదు.

పావుగంటలో తెల్లటి సుద్ద మీద నల్లటి గీత దిగింది. పెట్రోలు పోసే మూతి నుంచి ట్యాంకుకు వచ్చే లావు రబ్బరు పైపు దగ్గర మొదలై, పక్కగా జారి, అతుకు ఎక్కి, మెకానిక్ ఎం-సీల్ పెట్టిన మూలదాకా వచ్చి అక్కడ చుక్కయింది. పైపును వంచి చూస్తే లోపలి వంపులో ఎండిన చెరువు నేలలా పగుళ్ళు. రెండోది బయటపడటానికి రాత్రంతా పట్టింది. ట్యాంకును పట్టి ఉంచే ఇనుప పట్టీ అంచున, అగ్గిపుల్ల తలంత నల్లమచ్చ. పట్టీ విప్పితే దాని కింద ఏళ్ళనాటి మట్టి, తడి ఆరని పాత రబ్బరు ముక్క, తుప్పు. మేకు మొనతో గీరితే ఒక చిల్లు కాస్తా రెండయ్యాయి. నీళ్ళు నిలిచేచోట ఇనుము తింటుంది కదా. బయటినుంచి చూసినన్నాళ్ళూ ఆ చోటు కనబడదు.

రబ్బరు పైపు సులువు. పెట్రోలుకు పనికొచ్చే పైపే కొనాలి. సైకిలు ట్యూబు ముక్కో, నీళ్ళ పైపో చుట్టారంటే పెట్రోలు తగిలి ఉబ్బి మెత్తబడి వారంలో జారిపోతుంది. నేను అంతకుముందు ఒకసారి అదే చేశాను, చెప్పుకోవడానికి సిగ్గే. చిల్లుకు మాత్రం ట్యాంకు దించాల్సొచ్చింది. దించేదాకా రెండు రోజులు బట్టల సబ్బు రుద్ది అదిమి పెట్టాం. సబ్బు పెట్రోలులో కరగదు, ఇంటికి చేరడానికి పనికొస్తుంది. మరమ్మతు అనుకుని వదిలేస్తే మాత్రం మళ్ళీ నడిరోడ్డే. ఎం-సీల్ చెడ్డదేమీ కాదు. కాని తడి మీద, పెయింటు మీద, తుప్పు మీద పట్టదు. ఎమరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బాగా ఆరాక పెట్టాలి.

మా బావమరిది ఒకడు, "ఖాళీ ట్యాంకే కదా, తీసుకుపోయి వెల్డింగు పెట్టిస్తే అరగంట పని" అన్నాడు. ఇక్కడ నేను కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ మాట వల్లనే మనుషులు పోతారు. పెట్రోలు నిండిన ట్యాంకు కంటే ఖాళీ చేసిన ట్యాంకు ప్రమాదం. లోపల గోడలకు అంటిన పెట్రోలు ఆవిరై గాలితో కలుస్తుంది. గాలిలో ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. నిండిన ట్యాంకులో కలవడానికి గాలి చోటే తక్కువ. పెట్రోలు సున్నా కంటే 40 డిగ్రీలు తక్కువ చలిలో కూడా అంటుకునేంత ఆవిరినిస్తుంది. మన ఏప్రిల్ ఎండలో సంగతి చెప్పేదేముంది. డీజిల్ అంత తొందరగా అంటుకోదు గాని, వేడి తగిలితే దాని ఖాళీ ట్యాంకూ పేలుతుంది.

మేము పెట్రోలంతా ఆరుబయట రేకు డబ్బాలోకి దించి, వేడినీళ్ళలో బట్టల సబ్బు పొడి కలిపి పోసి ఊపి, పారబోసి, మళ్ళీ పోసి, వాసన పోయేదాకా కడిగాం. ట్యాంకును పొయ్యి మీద పెట్టలేదు, నీళ్ళనే విడిగా కాచాం. రెండు రోజులు మూత తీసి ఎండలో ఉంచాం. అప్పుడు గ్యాసు వెల్డింగు పెద్దాయన దగ్గరికి తీసుకుపోతే ఆయనా మామ లాంటివాడే. నిప్పు ముట్టించే ముందు ముక్కు పెట్టి వాసన చూసి, చిల్లు పైకొచ్చేలా తిప్పి, దాని కిందిదాకా నీళ్ళు నింపించాడు. ఆవిరికి చోటు లేకుండా. అప్పుడు ఇత్తడి కడ్డీతో రెండు చిల్లులూ పూడ్చాడు. పైపు, క్లిప్పులు, ఇత్తడి పని, అన్నీ కలిపి కొత్త ట్యాంకు ధరలో అయిదో వంతు కూడా కాలేదు.

ఇంటికొచ్చాక ట్యాంకులో నీళ్ళు నింపి, అవ్వ పద్ధతిలో బూడిద మీద ఒక పగలు ఒక రాత్రి పడుకోబెట్టాను. బూడిద తెల్లగానే ఉంది. నీళ్ళు వంచేసి బాగా ఎండబెట్టాం, లోపల మిగిలిన తడే మళ్ళీ తుప్పు అవుతుంది కాబట్టి. పట్టీ కింద కొత్త రబ్బరు ముక్క వేశాం.

మాట ప్రకారం బడికి వెళ్ళాను. పగిలిన పైపు ముక్క, సుద్ద పూసిన రేకు, నోటుబుక్కు పట్టుకుపోయాను. ఎనిమిదో తరగతి పిల్లలు అడిగిన ప్రశ్నలకు సగం నాకు తెలియలేదు, టీచరమ్మ చెప్పింది. ఒక కుర్రాడు మాత్రం, "వాంతులు అందుకేనా?" అని అడిగాడు. అవునన్నాను.

మన గూడేల్లో ఇప్పుడు ట్రాక్టరు, ఆటో, వ్యాను నడిపే తమ్ముళ్ళు చాలామంది ఉన్నారు. విప్పి చూసేవాళ్ళు తక్కువ. పాత పెట్రోలు బండి ఉన్నవాళ్ళకు ఇంకో మాట: 2023 నుంచి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రావడం మొదలైంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరుకు పడదు. పైపుల్ని ఏడాదికోసారి చేత్తో వంచి చూడండి.

మా వ్యాను కింద ఇప్పటికీ రాత్రి అట్టముక్క పరుస్తాను. ఆ రాత్రి పుట్టిన మేనకోడలు సెలవులకు మా ఇంటికొస్తే పొద్దున్నే ముందు లేచేది తనే. అట్టను లాగి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి అరుస్తుంది: "మామా, మరక లేదు!"