ఈ 21 రోజుల గోల

"21 రోజుల్లో కొత్త మీరు!" ఫోన్ తెరిస్తే ఇదే ప్రకటన. ఈ 21 ఎక్కడిదా అని వెతికాను. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అద్దంలో తమ కొత్త ముఖానికి అలవాటు పడాలంటే కనీసం 21 రోజులు పడుతుందని 1960లో రాశాడు. దాన్ని అలవాట్లకు అంటించి అమ్మేవాళ్లు ఆ "కనీసం" కాస్తా ఎగరగొట్టేశారు.

తర్వాత లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని గమనించింది. ఒక చిన్న అలవాటు కుదురుకోడానికి సుమారు 66 రోజులని తేలింది. అదీ మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా! మధ్యలో ఒక్క రోజు తప్పితే కొంప మునిగేదేం లేదట. మరి అలవాట్లు నేర్పే యాప్‌లేమో రాత్రి పదకొండింటికి "మీ స్ట్రీక్ (రోజుల వరస) పోతోంది" అని బెదిరిస్తాయి. వచ్చేదాని కంటే పోయేదే మనసుకి ఎక్కువ గుచ్చుకుంటుందని కానెమాన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే చెప్పారు. మా విద్యార్థులం దాన్ని పరీక్ష కోసం చదువుతున్నాం, యాప్‌లవాళ్లు వ్యాపారం కోసం చదివేశారు. (వాళ్లకే మంచి మార్కులొచ్చాయి.)

అయినా "254 రోజుల్లో మారండి" అని కోచింగ్ సెంటర్ల అమీర్‌పేటలో పోస్టర్ వేస్తే ఎవరు చేరతారు చెప్పండి? నేనైతే నోటిఫికేషన్లు ఆపేశాను. పొద్దున నడక కుదిరిన రోజు ఉంటుంది, కుదరని రోజు నిద్ర.