వ్రాతకు లోబడిన యంత్రాలు

జంగారెడ్డిగూడెం గోదావరి జిల్లాల మెట్ట ప్రాంతపు పట్టణం. పూర్వం పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి, 2022లో ఏలూరు జిల్లాలో చేరింది. దాని పరిసరాలలో వర్జీనియా పొగాకు విస్తారంగా పండుతుంది. ఆకును బ్యారన్‌లోకి ఎక్కించిన రైతుకు కొన్ని రాత్రులపాటు నిద్ర ఉండదు. ఆకు ముందుగా పసుపు రంగుకు తిరగాలి; పిదప ఆరాలి; చివరకు ఈనె ఎండాలి. ఒక్కొక్క దశకు ఒక్కొక్క వేడి. దానిని ఎప్పుడు ఎంత పెంచాలో అనుభవం గల పనివానికే తెలుసు. అతడు రాని నాడు అతని తెలివి కూడా రాదు.

కంప్యూటర్ల లోకంలోనూ చిరకాలం ఇదే స్థితి నెలకొని ఉండేది. విద్యార్థి తన పరీక్షా ఫలితాన్ని సెల్‌ఫోనులో చూచినప్పుడు, ఆ పుటను ఎక్కడో ఉన్న మరొక కంప్యూటర్ పంపుతుంది. దానినే వెబ్ సర్వర్ అంటారు. 1995లో వెలువడిన అపాచీ, 2004లో వెలువడిన ఎంజిన్‌ఎక్స్ ఈ పనికి పేరెన్నికగన్న సాఫ్ట్‌వేర్లు. వాటిని యంత్రంలో స్థాపించినంత మాత్రాన పని ముగియదు. పుటలు ఏ ఫోల్డరులో ఉండాలి, ఏ పోర్టు తెరచి ఉంచాలి, భద్రతా సర్టిఫికెట్ ఎక్కడ నిలపాలి అనే వివరాలన్నీ చెప్పవలసి ఉంటుంది. ఒక్క యంత్రమైతే ఒక పూట పని. అవే వందలుగా, దూరదూరాన ఉంటే?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ ప్రశ్నను చాలా ముందుగానే ఎదుర్కొన్నది. 1998 నవంబరులో 214 రిజిస్ట్రేషన్ కార్యాలయాలలో ‘కార్డ్’ పేరిట కంప్యూటర్ విధానం ప్రారంభమయింది. అవి వెబ్ సర్వర్లు కావు. అయినప్పటికీ, ఊరూరా నిలిపిన యంత్రాలన్నింటినీ ఒకే తీరున నడిపించవలసిన భారం మాత్రం అదే.

ప్రయాణాల బాధను తగ్గించినది ఎస్‌ఎస్‌హెచ్ అనే మార్గం. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన టాటు ఇలోనెన్ దీనిని రూపొందించాడు. అక్కడి నెట్‌వర్క్‌లో పాస్‌వర్డులను దొంగిలించిన ఉదంతమే ఇందుకు ప్రేరణ. ఇంట కూర్చుండి దూరపు యంత్రానికి రహస్యంగా ఆజ్ఞలు పంపడం దీనితో సాధ్యమయింది. కాని ఆ ఆజ్ఞలను చేతితోనే టైపు చేయాలి. నూరవ యంత్రం వద్దకు వచ్చేసరికి చేయి అలసిపోతుంది; ఒక వరుస తప్పిపోతుంది.

తప్పిన వరుస విలువ ఎంతటిదో 2012 ఆగస్టు 1న అమెరికాలో వెల్లడయింది. నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ తన ఎనిమిది సర్వర్లలో ఏడింటికి మాత్రమే కొత్త ప్రోగ్రామును చేర్చింది. ఎనిమిదవది మిగిలిపోయిన సంగతిని ఎవరూ గమనించలేదు. అందులోని పాత ప్రోగ్రాము మేల్కొని, అక్కరలేని కొనుగోళ్లు, అమ్మకాలు సాగించింది. నలభై అయిదు నిమిషాలలో సంస్థకు వాటిల్లిన నష్టం 46 కోట్ల డాలర్లకు పైమాటే.

మనిషి జ్ఞాపకంలోని పనిని వ్రాతలో పెట్టడమే దీనికి విరుగుడు. 1993లో నార్వేలో మార్క్ బర్జెస్ రచించిన సీఎఫ్‌ఇంజిన్ ఈ మార్గాన తొలి అడుగులలో ఒకటి. 2005లో పప్పెట్, 2012లో మైఖేల్ డీహాన్ రూపొందించిన ఆన్సిబుల్ వెలువడ్డాయి. ఆన్సిబుల్‌కు దూరపు యంత్రంలో ప్రత్యేక ప్రతినిధి ప్రోగ్రామేదీ అవసరం లేదు. ఎస్‌ఎస్‌హెచ్ మార్గం, సాధారణంగా పైథాన్ భాష ఉంటే చాలు. అన్నట్లు, ఆ పేరు ఉర్సులా లెగ్విన్ కల్పనా కథలలోనిది. గ్రహాంతరాలకు తక్షణమే వార్త చేరవేసే పరికరానికి ఆమె పెట్టిన పేరది.

ఈ వ్రాతలోని విశేషం ఒకటున్నది. ‘ట్యాంకులో నీళ్లు పోయుము’ అని రెండుసార్లు ఆజ్ఞాపిస్తే నీరు పొర్లిపోతుంది. ‘ట్యాంకు నిండుగా ఉండవలెను’ అంటే, నిండిన ట్యాంకు జోలికి ఎవరూ పోరు. ఈ సాధనాలు రెండవ విధంగా మాట్లాడతాయి. చేయవలసిన పనిని గాక, ఉండవలసిన స్థితిని చెబుతాయి. అపాచీ లేని యంత్రంలో దానిని స్థాపిస్తాయి; ఉన్నచోట ఊరకుంటాయి. అందువలన సరిగా వ్రాసిన ఆ ఫైలును ఎన్నిమార్లు నడిపినా హాని జరగదు.

అయితే ఫైలులోనే తప్పు దొర్లితే అది ఒక్క క్షణంలో అన్ని యంత్రాలకూ పాకుతుంది. చేతిపనిలో లేని ప్రమాదమిది. కనుక వివేకవంతులు మొదట ఒక్క యంత్రంపై, పిదప కొద్దింటిపై పరీక్షించి, ఆ తరువాతనే తక్కినవాటిని ముట్టుకుంటారు. పాస్‌వర్డులను అందులో బాహాటంగా వ్రాయరు.

యంత్రాలను యంత్రాలే సిద్ధం చేస్తే మనిషికి పనేమిటన్న సందేహం సహజమే. టైపు చేసే పని కొంత పోయిన మాట వాస్తవం. ఏది ఎలా ఉండాలో నిర్ణయించే పని మాత్రం పెరిగింది. దానికి పట్టణమే అక్కరలేదు. 2020లో కోవిడ్ కారణంగా కార్యాలయాలు మూతపడినప్పుడు ఎందరో యువకులు స్వగ్రామాలనుండే దూరదేశాల సర్వర్లను నడిపారు. ఉద్యోగి మారినా అతడు వ్రాసిన ఫైలు మిగులుతుంది. తరువాత వచ్చినవాడు దానిని చదివి, ఏ వరుస ఎందుకున్నదో అడిగి తెలుసుకుంటాడు. ఈ విద్యను అభ్యసించడానికి గొప్ప సామగ్రి అవసరం లేదు. కళాశాల ప్రయోగశాలలోని రెండు పాత కంప్యూటర్లు, వాటిని కలిపే ఒక కేబుల్ ఉంటే ఆరంభించవచ్చు.